ట్రామ్ ఛార్జీ అయిదు సెంట్లు

అమ్మాయ్,

'మెక్‌టీగ్' నవలని పట్టుకుని రాసిన నీ నాటకం అందింది. రాత్రి ఏకబిగిన చదివాను. పొద్దున లేచి పెన్సిల్ పట్టుకుని మళ్ళీ చదివాను. మార్జిన్లలో గీసిన గీతలు చూసి బెంబేలెత్తకు. గీతల్లేని పేజీలే నాకు నచ్చనివి, వాటి మీద ఏం రాయాలో కూడా తోచలేదు. మొదటి రంగం మాత్రం భలే రాశావు. ఆదివారం మధ్యాహ్నం, పన్ను పీకే కుర్చీలోనే పళ్ళ వైద్యుడు మెక్‌టీగ్ కునుకు, పక్కన బీరు కూజా, కిటికీలో కెనరీ పిట్ట, కింద పోక్ వీధి చప్పుడు. మాటల్లేకుండా రెండు నిమిషాలు నడిపించావు. ఈ పిల్లకి స్టేజీ కళ్ళకి కడుతోంది అనుకున్నాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. లేకపోతే 'బాగుందమ్మా, కృషి కొనసాగించు' అని కార్డు ముక్క పడేసి ఊరుకునేవాణ్ణి.

ముందు పేరు మార్చు. 'దురాశ దుఃఖానికి చేటు' అని అట్ట మీద పెద్దక్షరాల్లో రాశావు. తెర లేవకముందే తీర్పు చెప్పేస్తే జనం కూచుని ఇంకేం చూడాలి? ఫ్రాంక్ నారిస్ 1899లో ఆ నవల వేసినప్పుడు 'మెక్‌టీగ్' అని మనిషి పేరు పెట్టి, దాని కింద శాన్‌ఫ్రాన్సిస్కో కథ అని మాత్రం రాసుకున్నాడు. నువ్వూ అంతకు మించి పోకు.

ఇక అసలు సంగతి. నీ నాటకంలో అందరికీ ఒకే జబ్బు. మెక్‌టీగ్ పెళ్ళాం ట్రీనాకీ డబ్బు పిచ్చే, స్నేహితుడు మార్కస్‌కీ డబ్బు పిచ్చే, పాత సామాన్ల జెర్కోవ్‌కీ డబ్బు పిచ్చే, చివరికి మెక్‌టీగ్‌కి కూడా అంటించేశావు. నలుగురూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. ఒకళ్ళ డైలాగు ఇంకొకళ్ళ నోట్లో పెట్టినా తేడా తెలియడం లేదు.

తెలుగులో ఈ గుణానికి ఎన్ని మాటలున్నాయో కాగితం మీద రాసుకో. ఆశ, పేరాశ, దురాశ, లోభం, పిసినారితనం, కక్కుర్తి, యావ. ఒకదాని బదులు ఇంకొకటి వాడుకోడానికి పుట్టిన మాటలు కావివి. పేరాశ ఉన్నవాడికి తన దగ్గర లేనిది కావాలి. లోభికి కొత్తగా ఏమీ అక్కర్లేదు, ఉన్నది కదలకుండా ఉంటే చాలు. కక్కుర్తి పడేవాడు చిన్నదానికి పరువు వదులుకుంటాడు. ట్రీనాది లోభం. జెర్కోవ్‌ది పేరాశ, అదీ ఎన్నడూ కంటితో చూడని బంగారు పళ్ళాల మీద. మార్కస్‌ది ఈ రెండూ కాదు. తను ప్రేమించిన పిల్లని స్నేహితుడికి దర్జాగా వదిలేశాడు, ఆ పిల్లకి లాటరీ తగిలింది. ఆ కడుపుమంట పేరు వేరు. మెక్‌టీగ్‌కి అసలు డబ్బు మీద ధ్యాసే లేదు. ఆదివారం బీరు, పిట్ట, కాన్సర్టినా అనే చేతి వాయిద్యం మీద తనకొచ్చిన ఆరు ఏడుపుగొట్టు పాటలు ఉంటే ఆ మనిషికి స్వర్గం. అలాంటివాడు చివరికి డబ్బు కోసం పెళ్ళాన్ని చంపుతాడు. ఎలా చంపాడు అన్నది నువ్వు రాశావు. ఆ మనిషి అక్కడిదాకా ఎలా వచ్చాడన్నది రాయలేదు.

రెండో అంకంలో ట్రీనా చేత రెండు పేజీల స్వగతం చెప్పించావు. 'బంగారమా, నువ్వే నా భర్తవి, నువ్వే నా బిడ్డవి' అంటూ. ఆ నవలని 1992లో షికాగో లిరిక్ ఆపెరా వాళ్ళు సంగీత నాటకంగా వేశారు, విలియమ్ బోల్కమ్ సంగీతం. పాట ఉంటే ఆ మాట చెల్లుతుందేమో. మన దగ్గర పాట లేదు, మైకు ముందు ఒక మనిషి నిలబడి తన గుణం తనే వర్ణించుకుంటోంది. అమ్మాయ్, ట్రీనాకు తన పిసినారితనం తప్పుగా తోచదు. నవల్లో ఒకటి రెండు చోట్ల నాది పిసినారితనమే అని ఒప్పుకుంటుంది కూడా, కానీ వెంటనే ఇది మంచి తప్పేలే అని సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడంలో ఉంది పాత్ర. ఆవిడ నోట రావాల్సినవి 'రేపేం అవసరం వస్తుందో', 'ఉన్నదాన్ని ముట్టుకోవడం ఎందుకు', 'ఈసారికి నువ్వే పెట్టు' లాంటి మాటలు. ఇవి ఏ ఇంట్లోనైనా వినపడేవే. హాల్లో కూచున్న సగం మంది ఆ పొద్దున అని వచ్చినవే.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. ముప్పయ్యేళ్ళ కిందట నేనూ ఒక పిసినారి నాటిక రాశాను. పోటీలో వేశాం. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి, కూతురు పోయిందన్న కబురు విని ఇనప్పెట్టె మీద పడి ఏడవాలి. ఏడ్చాడు. హాలంతా ఘొల్లుమని నవ్వింది. నటుడు గట్టివాడే, తప్పు నాది. అంతకుముందు నలభై నిమిషాల పాటు వాడి చేత 'డబ్బు డబ్బు' అనిపించి బొమ్మని చేసి నిలబెట్టాను. బొమ్మ ఏడిస్తే ఎవరికి జాలేస్తుంది? పైగా పెట్టెలో పోయించినవి రేకు బిళ్ళలు. మూత జారి నాలుగు కింద పడ్డాయి, సీసా మూతలు పడ్డట్టు చప్పుడు. ఆ చప్పుడుతో మిగిలిన పరువు కూడా పోయింది. ఇప్పటికీ ఎవరైనా ఆ నాటిక పేరెత్తితే మాట మారుస్తాను.

లోభిని చూసి నవ్వించడం తప్పని కాదు. లుబ్ధావధాన్లు ఉన్నాడు, పేరులోనే లోభం పెట్టుకుని నూట ముప్పయ్యేళ్ళుగా నవ్విస్తున్నాడు. కానీ అక్కడ గురజాడ నవ్వాలనే రాశాడు. నువ్వు ట్రీనాని చూసి ఏడిపించాలనుకుని నవ్వు వచ్చేలా రాశావు. ఆ రెండింటికీ తేడా ఉంది.

సరే, లెక్కకి వద్దాం. ఈ నాటకానికి వెన్నెముక ఒక అంకె. 5,000 డాలర్లు. లాటరీలో వచ్చింది. ట్రీనా దాన్ని బాబాయి బొమ్మల దుకాణంలో వడ్డీకి పెట్టింది, నూటికి ఆరు చొప్పున. ఏడాదికి 300, నెలకి 25. ఆ అసలు, నవల చివరికొచ్చేదాకా, ఒక్క డాలరు ఖర్చవ్వదు. ఇది గమనించావా? మామూలు కథల్లో డబ్బు పోయి కాపురం కూలుతుంది. ఇక్కడ డబ్బు భద్రంగా ఉంది, కాపురమే కూలింది. ఊళ్ళో డిప్లొమా లేకుండా పళ్ళు పీకకూడదని నగరపాలక కార్యాలయం నుంచి ఉత్తరం వస్తుంది. మెక్‌టీగ్ కొట్టు మూతపడుతుంది. మంచి గదులు వదిలి చిన్న గదికి, అక్కడి నుంచి ఇంకా అధ్వాన్నపు ఇంటికి దిగుతారు. ప్రతి మెట్టు దిగినప్పుడూ ఆ 5,000 అక్కడే ఉంది. నీ ప్రతిలో ఆ అంకె ఒకే ఒక్కసారి, లాటరీ రంగంలో వినిపించి మాయమైంది. ప్రేక్షకుడు దాన్ని ఒక్క నిమిషం కూడా మరవకూడదు. ఇల్లు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు, మామూలుగా, వేరే పని చేసుకుంటూ, ఆ అంకె అనాలి. మెక్‌టీగ్ అనొచ్చు. మొదటిసారి అమాయకంగా, రెండోసారి విసుగ్గా, మూడోసారి పళ్ళ మధ్య నుంచి.

ఇంకో లోపం. నీ పధ్నాలుగో పేజీకే వాళ్ళు పోట్లాడుకుంటున్నారు. పెళ్ళే లేదు, ఇక దేన్ని నాశనం చేస్తావు? నవల్లో మొదటి ఏళ్ళు ఎంత ముచ్చటగా ఉంటాయో మళ్ళీ చదువు. ఆ మొద్దు మనిషిని ట్రీనా మెల్లగా దారికి తెస్తుంది. చవక బీరు మాన్పించి సీసా బీరు అలవాటు చేస్తుంది. శుభ్రమైన చొక్కా తొడుగుతుంది, తలకి పట్టు టోపీ పెట్టిస్తుంది. తను చిన్న కత్తి పట్టుకుని పిల్లలు ఆడుకునే చెక్క జంతువులు చెక్కుతుంది, నోవా ఓడలోకి. ఒక్క రూకా వృథా చెయ్యని ఇల్లాలు. అందరూ మెచ్చుకుంటారు. నువ్వు కూడా మెచ్చుకునేలా రాయి. ఆ పొదుపు చూసి ప్రేక్షకుల్లో ఆడవాళ్ళు 'ఇల్లాలంటే ఇలా ఉండాలి' అనుకోవాలి. ఆ మెచ్చుకున్న గుణమే గంట తరవాత వాళ్ళ గొంతు పట్టుకోవాలి. ట్రీనా మారదు. చుట్టూ పరిస్థితి మారుతుంది. మొదటి అంకంలో ఏ గొంతుతో లెక్క చూసిందో మూడో అంకంలోనూ అదే గొంతుతో లెక్క చూస్తుంది.

నేను ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం నువ్వు వదిలేసిన రంగం ఒకటుంది. వానరోజు. నువ్వు దాన్ని ఒక పాత్ర చేత 'ఆ రోజు నుంచీ అతను తాగుడు మొదలెట్టాడు' అని చెప్పించి దాటేశావు. అమ్మాయ్, నాటకం మొత్తం అక్కడుంది!

సంగతి ఇది. కొట్టు పోయాక మెక్‌టీగ్ డాక్టర్ల పనిముట్లు తయారుచేసే చోట కూలికి కుదిరాడు. అదీ ఊడింది. మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. ట్రీనా చెక్కుడు పనిలో ఉంది. పని పోయిందని చెప్పగానే ఆవిడ మొదటి ప్రశ్న జీతం డబ్బులేవీ అని. జేబులో ఉన్నదంతా తీసుకుంది. ఇప్పుడే బయల్దేరు, ఇంకో పని వెతుక్కో అంది. వాడు టోపీ పెట్టుకున్నాడు. ఆకాశం మూసుకొచ్చింది. ట్రామ్‌కి ఓ అయిదు సెంట్లు ఇవ్వమన్నాడు. ఇవ్వలేదు. నడిస్తే ఒంటికి మంచిదంది. వాడు వెళ్ళాడు, వానలో ముద్దయ్యాడు, పని దొరకలేదు, తిరిగొస్తుంటే సారాకొట్టు దగ్గర తెలిసినవాళ్ళు జాలిపడి విస్కీ పోయించారు. బీరు తాగితే మత్తుగా నిద్రపోయే మనిషి, విస్కీ తాగి వచ్చి మొదటిసారి పెళ్ళాం వంక ఇంకోలా చూశాడు.

బ్యాంకులాంటి చోట 5,000 డాలర్లు. చేతిలో అయిదు సెంట్లు. లక్షో వంతు. దీన్ని మించిన రంగం నీకెవరిస్తారు?

ఎలా రాయాలో చూపిస్తాను. అచ్చంగా దించుకోమని కాదు. ట్రీనా బల్ల దగ్గర. చేతిలో సగం చెక్కిన గొర్రెపిల్ల. మెక్‌టీగ్ గుమ్మంలో.

'వానొచ్చేలా ఉంది, ట్రీనా.'

'రాకముందే వెళ్ళు మరి.'

'అయిదు సెంట్లు ఇవ్వవా, ట్రామ్‌కి.'

'ఎంత దూరమని? నీలాంటి మనిషికి నడక ఓ లెక్కా?'

'అన్నీ తీసేసుకున్నావుగా. ఒక్క అయిదు.'

'వచ్చాక వేడిగా కాఫీ పెట్టిస్తాలే.'

వాడు కదలడు. ఆవిడ గొర్రెపిల్ల చెవి చెక్కుతూనే ఉంటుంది. కత్తి చప్పుడు. ఒక మాట అనబోయి మానేస్తాడు. వెళ్ళిపోతాడు. తలుపు మూసుకున్నాక ట్రీనా కత్తి ఆపి, జేబులోంచి వాడిచ్చిన డబ్బులు తీసి, లెక్కపెట్టదు సుమా, ఊరికే ఒకసారి గుప్పిట బిగించి మళ్ళీ జేబులో వేసుకుంటుంది. బయట వాన మొదలవుతుంది. ఆవిడ ఆ చప్పుడు విని కిటికీ వంక చూస్తుంది. అప్పుడు ఆవిడ మొహంలో జాలి ఉండాలి. నిజంగా ఉండాలి. మొగుడు తడుస్తున్నాడని ఆవిడకి బాధగానే ఉంది. ఆ బాధకి అయిదు సెంట్ల ఖరీదు కూడా లేదన్న సంగతి ఆవిడకి తెలియదు, మనకి తెలుసు.

వాళ్ళ మాటల్లో 'డబ్బు' అన్నది ఒక్కసారి కూడా లేదు, చూడు. 'కాఫీ పెట్టిస్తాలే' అన్న వాక్యం కోసం నేను చాలాసేపు తిప్పలు పడ్డాను. మొదట 'పోనీలే, నడువు' అని రాశాను. అలా అంటే ఆవిడ కఠినురాలైపోతుంది. ఇవ్వగలిగింది ఇస్తానంటోంది, ఇవ్వాల్సింది తప్ప. ఈ రంగం రాయి, నాలుగు పేజీలు తీసుకో. దాని కోసం నీ స్వగతం రెండు పేజీలు తియ్యి, ఖాళీ దానంతటదే వస్తుంది.

వస్తువుల సంగతి. నారిస్ పుణ్యమా అని నీకు నాలుగు ప్రాపర్టీలు ఉచితంగా దొరికాయి. కిటికీ బయట వేలాడదీసే బంగారు పూత పెద్ద పన్ను, ట్రీనా మొగుడికి ప్రేమతో ఇచ్చిన కానుక. పిట్ట. కాన్సర్టినా. నాణేల సంచి. పన్నుని నువ్వు మొదటి అంకంలో చూపించి వదిలేశావు. నవల్లో రోజులు పాడయ్యాక ఆ పన్ను గదిలో మూల చేరుతుంది, ట్రీనా దాని మీద ఎంగిలి కంచాలు పెడుతుంది, బల్ల బదులు. ఎవరూ ఏమీ అనరు. ఇంటికి ఏం పట్టిందో ఆ కంచాలు చెబుతాయి. దర్శకుడికి వదిలెయ్యకు, రంగసూచనలో నువ్వే రాయి. కాన్సర్టినా మాత్రం సరిగ్గా వాడావు. వదిలేసి పోయిన మొగుడి కాన్సర్టినాని ట్రీనా అమ్మేసుకుంది, దాన్ని వాడు కొట్లో అమ్మకానికి చూశాడు. హత్యకి తక్షణ కారణం అదే. డబ్బు కోసం మొదలైన కోపం కాదది, తన పాటలు అమ్మేసిందన్న కోపం. బాగా పట్టుకున్నావు.

నాణేల గురించి ఒక లెక్క చెబుతాను, మీ ప్రాపర్టీల వాళ్ళకి చూపించు. ఆ కాలపు ఇరవై డాలర్ల బంగారు నాణెం బరువు 33 గ్రాములకి పైన. చివర్లో ట్రీనా బాబాయి దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్న ఆ 5,000 డాలర్లంటే అలాంటివి 250. ఎనిమిది కిలోలు దాటుతుంది. పది డాలర్ల నాణేలు కలిపినా బరువు మారదు, బంగారం బంగారమే. మూడో అంకంలో మీ నటుడు ఆ సంచిని పూలసజ్జలా ఊపుకుంటూ వెళితే నా రేకు బిళ్ళల నాటిక గతే. లోపల నిజంగా ఎనిమిది కిలోల ఇనుము వెయ్యండి. భుజం దానంతటదే వంగుతుంది, నటించక్కర్లేదు. ట్రీనా నాణేల్ని సబ్బు, బూడిద కలిపి తోముతుంది. అది చూపించు. పక్క మీద పరుచుకుని పడుకోవడం మాత్రం చూపించకు, దీపం ఆర్పి చప్పుడు వినిపించు చాలు. చీకట్లో మెల్లగా ఒక్కొక్కటీ పక్క మీద పడుతున్న చప్పుడు.

హింస దగ్గర కొంచెం ఆగాలి. మెక్‌టీగ్ డబ్బు కోసం ట్రీనా వేళ్ళు కొరికే రంగాన్ని నువ్వు మూడుసార్లు పెట్టావు. ఒకటి చాలు. తరవాత ఆ చేతికి గుడ్డ కట్టుకుని ఆవిడ జంతువులకి రంగు వేస్తుంటే, ఆ గుడ్డని చూసే ప్రతిసారీ ప్రేక్షకుడే మిగిలింది ఊహించుకుంటాడు. ఆ గాయాల్లోకి రంగు విషం ఎక్కి వేళ్ళు తీసెయ్యాల్సి వస్తుంది. విషం లేదని చెప్పి అమ్మిన రంగు అది. చెక్కే పని పోయి, చిన్నపిల్లల బడిలో నేల కడిగే పనికి చేరుతుంది. హత్య అక్కడే. నారిస్ దీన్ని గాల్లోంచి తీసుకురాలేదు. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలోనే, అలాంటి బడిలో పనిచేసే ఒకావిడని, డబ్బివ్వలేదని మొగుడు చంపాడు. పత్రికలు రోజుల తరబడి రాశాయి. ఆ వార్తలో ఉన్నవి కత్తీ నెత్తురూ. నవలాకారుడు ఏం చేశాడో చూడు. దెబ్బలు పక్కగదిలో పడుతుంటే, బడిగదిలో బొగ్గుడబ్బా వెనక నక్కిన పిల్లి ఆ చప్పుళ్ళు వింటూ గుడ్లు మిటకరించి కూచుంది. చంపడం మనకి చూపించలేదు, పిల్లి చెవులతో వినిపించాడు. నాటకం రాసేవాళ్ళం మనం, వింగ్ వెనక ఏం జరగాలో ఒక నవల రాసేవాడు మనకి నేర్పాడు. నువ్వు స్పాట్‌లైట్ వేసి మరీ పొడిపించావు. తియ్యి. ఖాళీ బడిగది, పిల్లల బుల్లి కుర్చీలు, మూసిన తలుపు. అంతే.

ఇక కత్తిరింపులు. ముసలి గ్రానిస్‌నీ మిస్ బేకర్‌నీ తీసేశావు, 'కథకి సంబంధం లేదు కాబట్టి' అని నోట్ కూడా పెట్టావు. ఇదే నవలని ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ 1924లో 'గ్రీడ్' అని సినిమా తీశాడు. మొదట అయిన రీళ్ళు 42, స్టూడియో కోసి కోసి చివరికి దాదాపు 10 మిగిల్చింది. ఆ కోతలో పోయిన ముఖ్యమైనవాళ్ళు ఈ ముసలివాళ్ళూ, జెర్కోవ్ మరియాల జంటానూ. కాబట్టి నీ కత్తెరకి పెద్ద పరంపరే ఉంది, సిగ్గుపడక్కర్లేదు. అయినా తప్పే. పక్కపక్క గదుల్లో, పల్చటి గోడకి అటూ ఇటూ కుర్చీలు వేసుకుని, ఏళ్ళ తరబడి ఒకరి అలికిడి ఒకరు వింటూ, ఒక్క మాటా ఆడుకోకుండా ప్రేమించుకునే ఇద్దరు. ఆయన పుస్తకాలు కుట్టుకుంటాడు, ఆవిడ టీ కాచుకుంటుంది. ఆ గోడని స్టేజీ మధ్యలో నిలబెట్టడానికి ఏ దర్శకుడైనా ఎగిరి గంతేస్తాడు. పైగా గ్రానిస్‌కి కూడా డబ్బొస్తుంది, తన కుట్టుపని సరంజామా అమ్మితే. వచ్చిన రోజు సాయంత్రం చెయ్యడానికి పని లేక, గోడ అవతలికి వినిపించడానికి చప్పుడు లేక, బిక్కమొహం వేసుకుని కూచుంటాడు. అప్పుడు ఆవిడ టీ పట్టుకుని తలుపు తడుతుంది. దీన్ని వానరోజు తరవాత పెట్టి చూడు.

జెర్కోవ్ దగ్గర మాత్రం నారిస్‌ని నమ్మకు. ఆ మనిషిని యూదుడు కాబట్టి బంగారం పిచ్చి అన్నట్టు గీశాడు, గోళ్ళూ పెదాలూ వర్ణించి మరీ. అది ఆ కాలపు రోత. నువ్వేమో దాన్ని ఇంకాస్త ముదిరించి మేకప్ సూచనలు కూడా రాశావు. జాతి తీసెయ్, ఆకలి ఉంచు. మరియా చెప్పే వంద బంగారు పళ్ళాల కథని మళ్ళీ మళ్ళీ వినడానికే ఆవిణ్ణి పెళ్ళాడిన మనిషి, బిడ్డ పుట్టి పోయాక ఆవిడ ఆ కథే మర్చిపోతే, దాచేసిందనుకుని చంపుతాడు. దీనికి ముక్కు ఆకారంతో పనేముంది? అలాగే తండ్రి తాగుబోతు కాబట్టి కొడుకు రక్తంలో మృగం ఉందనే సిద్ధాంతం కూడా వదిలెయ్. రక్తంలో ఉన్నది స్టేజీ మీద కనపడదు.

కథని మన ఊళ్ళకి మార్చనా అని అడిగావు. వద్దు. డిప్లొమా ఉత్తరం, బంగారు నాణేల్లో జీతాలు, చివరికి డెత్ వ్యాలీ ఎడారి, ఇవన్నీ కలిసొచ్చేది ఆ నేల మీదే. మార్చితే ప్రతిదానికీ ఒక అతుకు వెయ్యాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఉంచు, తెలుగు మాత్రం తెలుగులా ఉంచు. మెక్‌టీగ్ గనుల్లోంచి వచ్చాడు కదా అని ఏదో ఒక జిల్లా యాస పెట్టావు. నోరు తెరవగానే పోక్ వీధి మాయమై ఆ జిల్లా బస్టాండ్ వచ్చేస్తోంది. చిన్న వాక్యాలు, నెమ్మది, చెప్పిందే చెప్పడం, వాడి మొద్దుతనానికి అవి చాలు. ట్రీనా చేత 'ఏమండీ' అనిపించకు. పేరు పెట్టే పిలుస్తుంది. ఇద్దరికీ 'నువ్వు'. ముసలివాళ్ళిద్దరికీ మాత్రం చివరిదాకా 'మీరు'. ఈ సదుపాయం ఇంగ్లీషులో రాసినాయనకి లేదు, నీకుంది. ఒక గోడకి ఇటువైపు 'నువ్వు' రోజురోజుకీ మోటుగా మారి 'ఏమే' దాకా దిగుతుంటే, అటువైపు 'మీరు' రోజురోజుకీ దగ్గరవుతుంది. ఎక్కడ 'ఏమే' మొదలెడతావో జాగ్రత్తగా ఎంచుకో. నన్నడిగితే విస్కీ తాగొచ్చిన రాత్రి, ఒక్కసారే. మర్నాడు మళ్ళీ 'ట్రీనా' అంటాడు. ఆ మర్నాటిదే ఎక్కువ భయపెడుతుంది.

హత్య చేసి సంచితో పారిపోయిన మెక్‌టీగ్‌ని మార్కస్ తరిమి పట్టుకునే ఎడారి రంగానికి ఇసక పోయించి, కంచరగాడిద బొమ్మ చేయించి, వెనక సైక్లోరమా తెర మీద కొండలు గీయించాలని రాశావు. ఖర్చు సంగతి అలా ఉంచు, అవేవీ అక్కర్లేదు. ఖాళీ స్టేజీ. దీపాలన్నీ నిండుగా, నీడ లేకుండా, కళ్ళు చిట్లించుకునేంత వెలుగు. చివరి రంగమంటే మన వాళ్ళు దీపాలు తగ్గిస్తారు, ఇక్కడ పెంచాలి. మెక్‌టీగ్, మార్కస్, సంచి, పంజరం. నీళ్ళు లేవు. నీళ్ళు లేనప్పుడు కూడా ఆ సంచి కోసం కొట్టుకుంటారు. మార్కస్ చస్తూ చస్తూ తన చేతినీ వాడి చేతినీ కలిపి బేడీ వేస్తాడు. ఆ క్లిక్ శబ్దం వెనక వరసకి వినపడాలి, కాబట్టి బేడీ ఇనుపదే కావాలి, ప్లాస్టిక్‌ది తేవద్దని చెప్పు. తరవాత నువ్వు మెక్‌టీగ్ చేత ఒక ప్రార్థన చెప్పించావు. కొట్టేశాను, చూసుకో. వాడు మాట్లాడడు. చుట్టూ చూస్తాడు, చేతిని చూస్తాడు, పంజరాన్ని చూస్తాడు. పిట్ట ఇంకా చావలేదు, సన్నగా కూస్తోంది.

తిరగరాసినదంతా ఒకేసారి పంపకు. వానరోజు ఒక్కటే ముందు పంపు, ఇక్కడ మా రిహార్సల్ గదిలో ఇద్దరు పిల్లల చేత చదివించి చూస్తాను. ట్రీనా వేసే అమ్మాయికి చెక్క చెక్కడం రాదు, ఈలోగా కత్తీ ముక్కా ఇచ్చి అలవాటు చేయిస్తాను. పిట్ట కూత సంగతి నేను మా సౌండ్ అబ్బాయితో మాట్లాడాను. సెల్‌ఫోన్‌లో దొరికేవన్నీ మరీ హుషారుగా కూస్తున్నాయట, ఆకలిగా ఉన్న పిట్ట కూత వెతుకుతున్నాడు.

ఉంటాను,
మీ మాస్టారు